గోల్ఫ్: ఎదురుగాలిలో ఐరన్ షాట్ కిందుగా సాగాలంటే

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ముందుగా చెబుతాను. గాలి లేని రోజున 7 ఐరన్‌తో (ఐరన్ క్లబ్బుల్లో అంకె తగ్గేకొద్దీ బంతి మరింత కిందుగా, దూరంగా పోతుంది) 150 గజాలు కొడుతున్నారు. ఎదురుగాలి వీచిన రోజున అదే షాట్ బాగా పైకెక్కి, చివర్లో గాలిలో నిలబడిపోయి, గ్రీన్‌కు (రంధ్రం చుట్టూ ఉండే నున్నని పచ్చికకు) చాలా ముందే నిట్టనిలువుగా పడుతోంది. బంతిని కుడి పాదం దగ్గరికి జరిపి, చేతులు బాగా ముందుకు నెట్టి, కిందికి గట్టిగా కొట్టమని ఎవరో చెప్పారు. అలా చేస్తే కొన్నిసార్లు క్లబ్బు నేలను తవ్వుతోంది, కొన్నిసార్లు బంతి కుడివైపుకు పోతోంది. సరిగ్గా తగిలిన షాట్లు కూడా కిందుగా బయలుదేరి మళ్లీ పైకే లేస్తున్నాయి. పొరపాటు ఎక్కడుందని అడిగారు.

పొరపాటు మీ చేతుల్లో కన్నా ఆ సలహాలో ఎక్కువుంది. గాలికి ఎదురుగా కిందుగా సాగే ఐరన్ షాట్‌కు మూలం వేగం తగ్గించుకోవడం. బంతిని ఎక్కడ పెట్టాలి, చేతులు ఎంత ముందుండాలి, ఫినిష్ (కొట్టాక స్వింగ్ ముగిసే తీరు) ఎక్కడ ఆగాలి అన్నవన్నీ దాని తర్వాతి సంగతులు. 7 ఐరన్‌ను బలంగా మోదడం మానేసి 6 ఐరన్‌నో 5 ఐరన్‌నో ముప్పాతిక స్వింగ్‌తో నింపాదిగా కొట్టడం అలవాటు చేసుకుంటే మీ బాధ సగానికి పైగా అక్కడే తీరుతుంది. కారణం చెప్పకుండా వదిలేస్తే ఇది కూడా ఎవరో ఇచ్చిన ఇంకో సలహాగానే మిగిలిపోతుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మీరు కుడిచేతి ఆటగాడు అనుకుని రాస్తున్నాను. ఎడమచేతి వాళ్లు కుడిఎడమలు మార్చి చదువుకోవాలి.

బంతి ఎంత ఎత్తుకు వెళ్తుందన్నది మూడు విషయాలు కలిసి తేలుస్తాయి. అది బయలుదేరిన కోణం, బయలుదేరిన వేగం, దానికి అంటుకున్న బ్యాక్‌స్పిన్. మనలో చాలామంది కోణం ఒక్కటే చూస్తారు, కంటికి కనిపించేది అదే కాబట్టి. నిజానికి ఐరన్ షాట్‌ను పైకి మోసుకుపోయేది బ్యాక్‌స్పిన్. వెనక్కి గిరగిర తిరుగుతూ వెళ్లే బంతి తన చుట్టూ పోయే గాలిని కిందికి మళ్లిస్తుంది. ఆ ప్రతిచర్య బంతిని పైకి నెడుతుంది. దీనికే మాగ్నస్ ప్రభావం అని పేరు. గోల్ఫ్ బంతి అంతసేపు గాలిలో నిలవడానికి కారణం ఈ బ్యాక్‌స్పినే అని 19వ శతాబ్దం చివర్లో వివరించినవాడు ఎడిన్‌బరోలో భౌతికశాస్త్ర ఆచార్యుడు పీటర్ గత్రీ టెయిట్. ఆయన కొడుకు ఫ్రెడ్డీ టెయిట్ 1896లో, 1898లో బ్రిటన్ అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్ గెలిచిన ఆటగాడు. ప్రయోగాలకు ఇంట్లోనే ఇంత మంచి సౌకర్యం ఉన్న శాస్త్రవేత్తలు అరుదు.

ఎదురుగాలి వచ్చేసరికి లెక్క మారుతుంది. బంతి గంటకు 110 మైళ్ల వేగంతో పోతూ 15 మైళ్ల ఎదురుగాలిని చీల్చుకుంటోందంటే, దాని ఒంటికి తగిలేది 125 మైళ్ల గాలి. వెనక్కి లాగే బలం పెరుగుతుంది, పైకెత్తే బలమూ పెరుగుతుంది. స్పిన్ ఎక్కువున్న బంతి ముందుకు పోవలసిన ఊపును పైకెక్కడానికి ఖర్చు చేసేసి, గాలిపటంలా లేచి, ఊపు అయిపోయాక అక్కడే కూలుతుంది. ఎదురుగాలి బంతికి స్పిన్ కలుపుతుందని కొందరు నమ్ముతారు. అది నిజం కాదు. స్పిన్ అంతా క్లబ్ ఫేస్ (బంతిని తాకే ముఖం) దగ్గర పుట్టిందే. గాలి దాని ప్రభావాన్ని పెంచి చూపిస్తుంది, అంతే. అందుకే ప్రశాంతమైన రోజున బయటపడని లోపం గాలి రోజున బయటపడుతుంది.

వేగానికి ఎంత బలం ఉందో తెలియాలంటే బంతి గమనాన్ని కొలిచే పరికరాలు తయారుచేసే ట్రాక్‌మ్యాన్ సంస్థ కొన్నేళ్ల కిందట విడుదల చేసిన టూర్ సగటులు చూడండి. 7 ఐరన్‌తో పీజీఏ టూర్ (పురుషుల ప్రొఫెషనల్ టూర్) ఆటగాళ్ల క్లబ్ వేగం గంటకు 90 మైళ్లు, బంతి వేగం 120 మైళ్లు, బయలుదేరే కోణం 16.3 డిగ్రీలు, స్పిన్ నిమిషానికి దాదాపు 7,100 చుట్లు, గరిష్ఠ ఎత్తు 32 గజాలు. అదే క్లబ్బుతో ఎల్‌పీజీఏ టూర్ (మహిళల ప్రొఫెషనల్ టూర్) క్రీడాకారిణుల క్లబ్ వేగం 76 మైళ్లు, బంతి వేగం 104 మైళ్లు, కోణం 19 డిగ్రీలు, స్పిన్ దాదాపు 6,700, గరిష్ఠ ఎత్తు 26 గజాలు. మహిళల బంతి దాదాపు మూడు డిగ్రీలు ఎక్కువ కోణంలో బయలుదేరుతోంది, అయినా ఆరు గజాలు తక్కువ ఎత్తుకే వెళ్తోంది. మీరు బంతిని వెనక్కి జరిపి, చేతులు వంచి, నానా తంటాలు పడి తగ్గించాలని చూస్తున్న ఆ రెండు మూడు డిగ్రీల కన్నా వేగం తగ్గడం ఎక్కువ పనిచేసిందన్నమాట. కోణానికి విలువ లేదని కాదు. రెండింటిలో ఏది ముందు అన్నదే ఇక్కడ ప్రశ్న.

ఇక "కిందికి గట్టిగా కొట్టు" అన్న సలహా ఎందుకు బెడిసికొడుతుందో చూద్దాం. క్లబ్ ఫేస్ వెనక్కి వాలిన కోణమే లాఫ్ట్. బంతి తగిలే క్షణంలో క్లబ్ ఫేస్‌కు నిజంగా ఉండే లాఫ్ట్‌ను డైనమిక్ లాఫ్ట్ అంటారు. తయారీదారు ఇచ్చిన లాఫ్ట్ వేరు, ఇది వేరు. చేతులు బంతి కన్నా ముందుంటే ఇది తగ్గుతుంది, వెనకబడితే పెరుగుతుంది. క్లబ్బు ఎంత కోణంలో కిందికి దిగుతోందో దాన్ని అటాక్ యాంగిల్ అంటారు. ఈ రెండింటి మధ్య తేడాను స్పిన్ లాఫ్ట్ అంటారు (కిందికి దిగే కోణాన్ని మైనస్‌గా లెక్కిస్తారు కాబట్టి రెండు అంకెలూ కలుస్తాయి). క్లబ్ వేగం, బంతి, తగిలిన తీరు అవే అయినప్పుడు స్పిన్ ఎంత వస్తుందన్నది ప్రధానంగా ఈ తేడా మీదే ఆధారపడుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మామూలు షాట్‌లో డైనమిక్ లాఫ్ట్ 23 డిగ్రీలు, క్లబ్బు 4 డిగ్రీలు కిందికి దిగుతోంది అనుకుంటే స్పిన్ లాఫ్ట్ 27. ఇప్పుడు బంతిని బాగా వెనక్కి జరిపి కిందికి మోదారు. డైనమిక్ లాఫ్ట్ 19కి తగ్గింది, కానీ క్లబ్బు 8 డిగ్రీలు కిందికి దిగుతోంది. స్పిన్ లాఫ్ట్ మళ్లీ 27. బంతి బయలుదేరే కోణం తగ్గింది, స్పిన్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. పైగా గట్టిగా కొట్టారు కాబట్టి క్లబ్ వేగం పెరిగి స్పిన్ ఇంకాస్త ఎక్కువే అయి ఉంటుంది. కిందుగా బయలుదేరి, ఎదురుగాలి తగలగానే పైకి లేచే బంతి ఇలాంటి దెబ్బ నుంచే పుడుతుంది. మీరు వర్ణించినది అక్షరాలా ఇదే. మీ స్వింగ్ చూడకుండానే ఇంత ధీమాగా చెబుతున్నానంటే కారణం అదే.

కుడివైపుకు పోవడానికి కూడా కారణం ఇక్కడే ఉంది. క్లబ్బు ఒక వలయంలో తిరుగుతుంది. బంతిని బాగా వెనక్కి పెడితే ఆ వలయంలో ముందుగానే బంతిని కలుస్తారు. అప్పటికి క్లబ్బు ఇంకా కుడివైపుకు పోతూనే ఉంటుంది, ఫేస్ ఇంకా పూర్తిగా మూసుకోలేదు. బంతి కుడికి బయలుదేరుతుంది. దాన్ని సరిచేయాలని చేతులు ఒక్కసారిగా తిప్పితే ఎడమవైపుకు వంకర తిరిగే హుక్ వస్తుంది. నేలను తవ్వడమైతే చెప్పనే అక్కరలేదు. షాఫ్ట్ (క్లబ్బు కడ్డీ) మరీ ముందుకు వాలినప్పుడు క్లబ్ అడుగుభాగం నేల మీద జారే గుణం పోతుంది, ముందంచు గునపంలా దిగబడుతుంది.

పద్ధతికి వెళ్లేముందు ఒక సంగతి తేల్చుకోవాలి. మీ మామూలు షాటే అవసరానికి మించి ఎత్తుగా పోతోందా? చాలామంది అమెచ్యూర్ల విషయంలో అసలు జబ్బు ఇదే. బంతిని గాలిలోకి "లేపాలి" అన్న ఆలోచనతో బరువు కుడికాలి మీదే ఉంచి, బంతి దగ్గరికి వచ్చేసరికి మణికట్టులు వదిలేసి, కింద నుంచి తోడినట్టు కొడతారు. డైనమిక్ లాఫ్ట్ అమాంతం పెరుగుతుంది. ఇది కనిపెట్టడం కష్టం కాదు. ఫోనును మీ ఛాతీకి ఎదురుగా, చేతుల ఎత్తులో నిలబెట్టి నెమ్మది వేగపు వీడియో తీయండి. బంతి తగిలే క్షణంలో మీ చేతులు బంతి కన్నా లక్ష్యం వైపు ఉన్నాయా, వెనక ఉన్నాయా చూడండి. పచ్చిక మీద అయితే డివట్ (క్లబ్బు కోసిన పచ్చిక గుంట) ఎక్కడ మొదలైందో చూడండి. అది బంతి ఉన్న చోటు దాటాక మొదలవ్వాలి. బంతికి వెనకే మొదలవుతుంటే ఈ కిందుగా కొట్టే షాట్ సంగతి కొన్నాళ్లు పక్కన పెట్టి ముందు దాన్ని సరిచేసుకోండి. మామూలు షాట్‌లోనే బంతిని తోడుతున్నవారికి ప్రత్యేకమైన కింది షాట్ నేర్పడం దండగ. అయితే ఆ లోపం సరిచేసుకోవడానికి ఉన్న మంచి సాధనాల్లో ఈ చిన్న పంచ్ స్వింగ్ (కిందుగా పంపే పొట్టి స్వింగ్) కూడా ఒకటి కాబట్టి కింద చెప్పబోయే సాధనలో మొదటి మెట్టు మీకు ఎలాగూ పనికొస్తుంది.

ఇప్పుడు షాట్. క్లబ్ ఎంపికతో మొదలుపెట్టండి, సగం పని అదే. మామూలుగా 7 ఐరన్ కొట్టే దూరానికి 6 తీసుకోండి. గాలి గట్టిగా ఉంటే 5. లాఫ్ట్ తక్కువైనందువల్ల కోణం దానంతటదే తగ్గుతుంది. మీరు షాఫ్ట్‌ను ముందుకు వంచి తగ్గించాల్సిన పని లేదు. గ్రిప్ మీద చేతులు ఒక అంగుళం కిందికి దించి పట్టుకోండి. క్లబ్బు పొట్టిదవుతుంది, వేగం కొంత తగ్గుతుంది, బంతిని ఫేస్ మధ్యలో తగిలించడం సులువవుతుంది. ఈ మూడో లాభాన్ని తక్కువ అంచనా వేయకండి. గాలిలో ఫేస్ అంచున తగిలిన బంతికి శిక్ష రెట్టింపు.

పాదాలు మామూలు కన్నా కాస్త దగ్గరగా. బంతి మీ మామూలు చోటు నుంచి ఒక బంతి వెడల్పు మాత్రమే వెనక్కి. బంతి వ్యాసం 1.68 అంగుళాలు, అంత చాలు. చేతులు మామూలు చోటనే, అంటే ఎడమ తొడ లోపలి భాగానికి ఎదురుగా ఉంచండి. బంతి వెనక్కి జరిగింది, చేతులు జరగలేదు కాబట్టి షాఫ్ట్ తనంతట తానే కొద్దిగా ముందుకు వాలుతుంది. మీరు మళ్లీ నెట్టకండి. బరువు సగం కన్నా కొంచెం ఎక్కువ ఎడమకాలి మీద పెట్టి, స్వింగ్ మొత్తం అక్కడే ఉంచండి. వెనక్కి వెళ్లేటప్పుడు కుడికాలి మీదికి ఊగడం, మళ్లీ ఎడమకు రావడం ఈ షాట్‌లో అక్కరలేని ప్రయాణం.

బ్యాక్‌స్వింగ్‌లో చేతులు భుజం ఎత్తు దాటనక్కరలేదు. అయితే చేతులు పొట్టిగా ఆపినంత మాత్రాన భుజాలు తిప్పడం మానకండి. భుజాలు తిరగకుండా చేతులతో మాత్రమే ఎత్తి కొడితే క్లబ్బు గొడ్డలిలా దిగుతుంది, మళ్లీ పాత కథే. కిందికి వచ్చేటప్పుడు తొందర వద్దు. పొట్టి స్వింగ్ అనగానే పోయిన దూరాన్ని వేగంతో రాబట్టుకోవాలని మనసు లాగుతుంది. ఈ షాట్ చెడిపోయే చోటు అదే, రేంజ్‌లో (సాధన మైదానంలో) నేను చూసే పది చెడ్డ పంచ్ షాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే పాడవుతాయి. దూరం కోసం పెద్ద క్లబ్బు చేతిలో ఉంది, మీరు దానికి సాయం చేయాల్సిన పని లేదు.

బంతి తగిలే సమయంలో చూసుకోవలసింది ఛాతీ తిరుగుడు. ఛాతీ లక్ష్యం వైపు తిరుగుతూనే ఉండాలి, చేతులు దానితో కలిసి వెళ్లాలి. శరీరం ఆగిపోతే చేతులు ఆగవు, మణికట్టులు విడిపోయి క్లబ్బు ముందుకు దూసుకుపోతుంది, లాఫ్ట్ పెరుగుతుంది. "చేతులు పట్టి ఉంచు" అని చాలామంది నేర్పిస్తారు. ఆ మాట విని కండరాలు బిగించేవాళ్లే ఎక్కువ. బిగిస్తే ఫేస్ మూసుకోదు, బంతి కుడికి జారుతుంది. ఛాతీ తిరుగుతూ ఉంటే చేతులు వాటంతటవే బంతి కన్నా ముందుంటాయి, పట్టి ఉంచాల్సిన అవసరం రాదు. గ్రిప్ పట్టు మామూలు షాట్‌కు ఎంత ఉంటుందో అంతే ఉండనివ్వండి.

ఫినిష్ గురించి ఎక్కువగా చెబుతారు. చేతులు ఛాతీ ఎత్తులో ఆగాలని, క్లబ్బు లక్ష్యాన్ని చూపాలని. ఫినిష్ సమయానికి బంతి ఎప్పుడో వెళ్లిపోయింది, దాన్ని అది మార్చలేదు. కానీ పొట్టి ఫినిష్‌లో ఆగాలని ముందే అనుకుంటే స్వింగ్ వేగం దానంతటదే తగ్గుతుంది, మణికట్టుల విసురు కూడా తగ్గుతుంది. ఆ మేరకు మంచి గురుతు. కొట్టాక చేతులను బలవంతంగా ఆపాల్సి వస్తోందంటే మీరు ఇంకా వేగంగా కొడుతున్నారని అర్థం.

ఇక్కడ ఒక పక్కమాట. కిందుగా సాగే ఐరన్ అనగానే అందరికీ టైగర్ వుడ్స్ స్టింగర్ (నేలకు దగ్గరగా దూసుకుపోయే ఆయన షాట్) గుర్తొస్తుంది. 2006లో రాయల్ లివర్‌పూల్‌లో జరిగిన బ్రిటిష్ ఓపెన్‌లో ఎండిపోయిన గట్టి నేల మీద ఆయన 72 హోల్స్‌లో డ్రైవర్ (అత్యంత దూరం కొట్టే క్లబ్బు) ఒక్కసారే తీసి, టీ మీద నుంచి, అంటే ప్రతి హోల్ మొదటి దెబ్బకు, ఎక్కువగా లాంగ్ ఐరన్లతోనే నడిపించి గెలిచాడు. చూడముచ్చటైన ఆట. కానీ ఆ స్టింగర్‌ను మీ మొదటి పాఠంగా పెట్టుకోకండి. అది పెద్ద వేగంతో, చాలా తక్కువ లాఫ్ట్ ఉన్న క్లబ్బుతో, ప్రతిసారీ ఫేస్‌లో అదే చోట తగిలించగల మనిషి కొట్టే షాట్. మీకు కావలసింది గ్రీన్ మీదికి నమ్మకంగా వెళ్లే ముప్పాతిక 6 ఐరన్. రెండూ దగ్గరి చుట్టాల్లా కనిపిస్తాయి గానీ నేర్చుకునే దారి వేరు.

సాధన ఎలా చేయాలంటే, 9 ఐరన్ లేదా 8 ఐరన్‌తో నడుము ఎత్తు నుంచి నడుము ఎత్తుకు మాత్రమే స్వింగ్ చేస్తూ మొదలుపెట్టండి. బంతి ఎంత దూరం పోయిందన్నది పట్టించుకోకండి. తగిలిన శబ్దం, డివట్ మొదలైన చోటు, బంతి బయలుదేరిన దిశ, ఈ మూడే చూడండి. పచ్చిక మీద ఒక గీత గీసి, బంతి లేకుండా ఆ గీత మీదుగా స్వింగ్ చేస్తూ ప్రతి డివట్ గీత దాటాకే మొదలయ్యేలా చూసుకోవడం నాకు తెలిసిన అభ్యాసాల్లో అత్యుత్తమమైనది. విసుగు పుట్టిస్తుంది, అందుకే ఎవరూ చేయరు. కృత్రిమ పచ్చిక చాప మీద సాధన చేసేవారు బంతికి వెనక ఒక జానెడు దూరంలో మడిచిన తువ్వాలు పెట్టుకోవచ్చు. క్లబ్బు తువ్వాలును తాకిందంటే ముందే నేలను తాకేదన్నమాట. చాప ఒక విషయంలో మోసం చేస్తుంది. వెనక నేలను కొట్టినా క్లబ్బు జారి బంతిని బాగానే పంపిస్తుంది. తువ్వాలు ఆ మోసాన్ని పట్టిస్తుంది.

అది కుదిరాక ఛాతీ ఎత్తు, తర్వాత భుజం ఎత్తు. ఆ పైకి ఈ షాట్‌కు అవసరం లేదు. తర్వాత నాకు చాలా ఇష్టమైన అభ్యాసం. 5 ఐరన్ తీసుకుని 100 గజాల జెండాకు కొట్టండి. మొదటిరోజు బంతి 130 దాటిపోతుంది, లేదా వేగం తగ్గించబోయి మధ్యలో స్వింగ్ ఆపేసి నేలను కొడతారు. ఓపికగా చేస్తే స్వింగ్ పొడవు, వేగం రెండూ మీ అదుపులోకి వస్తాయి. తక్కువ వేగంతో కొడుతూనే బంతి దాటేదాకా క్లబ్ వేగాన్ని కొద్దిగా పెంచుతూ పోవడం ఎలా ఉంటుందో చేతికి తెలిసేది ఇక్కడే. గాలిలో ఆడటానికి దీన్ని మించిన శిక్షణ నాకు తెలియదు. ఆ తర్వాత అదే 5 ఐరన్‌తో 110, 120 అంటూ పోవచ్చు.

లాంచ్ మానిటర్ (బంతి వేగం, కోణం, స్పిన్ కొలిచే పరికరం) అందుబాటులో ఉంటే దూరం గడిని కాసేపు మరిచిపోయి బయలుదేరే కోణం, స్పిన్, గరిష్ఠ ఎత్తు చూడండి. కోణం తగ్గినా స్పిన్ తగ్గకపోతే మీరు ఇంకా కిందికి మోదుతున్నారు, లేదా క్లబ్బు సరిపోలేదు. మామూలు 7 ఐరన్ ఎత్తులో మూడింట రెండు వంతులకు దగ్గరగా వచ్చి, మీరు అనుకున్న దూరం పోతే ఆ షాట్ పోటీకి సిద్ధమైనట్టే. అంతకన్నా కిందికి దించాలని తాపత్రయపడే వాళ్లను చూస్తుంటాను. గ్రీన్ మీద బంతి ఆగాలి కదా.

కోర్సు మీదికి వచ్చాక మొదటి ప్రశ్న, ఎన్ని గజాలు కలుపుకోవాలి? విస్తృతంగా వాడే ఉజ్జాయింపు సూత్రం ఒకటుంది. గంటకు ఒక మైలు ఎదురుగాలికి దూరంలో 1 శాతం చొప్పున పోతుంది, వెనకగాలికి అర శాతం చొప్పున కలిసొస్తుంది. 150 గజాల షాట్‌కు 10 మైళ్ల ఎదురుగాలి ఉంటే దాన్ని 165 గజాలుగా చూడాలి. అదే గాలి వెనక నుంచి వస్తే దాదాపు 142. ఎదురుగాలి తీసుకునేంత వెనకగాలి తిరిగి ఇవ్వదు. ఇది మామూలు ఎత్తులో పోయే షాట్ లెక్క. కిందుగా కొడితే గాలి నష్టం తగ్గుతుంది కాబట్టి మీ సొంత లెక్క మీరు తయారు చేసుకోవాలి. ఎంత తగ్గుతుందో రెండు మూడు గాలి రోజులు ఆడితే తెలిసిపోతుంది.

గాలి దిశ చూడటానికి చిటికెడు గడ్డి పీకి వదలడం నిబంధనలు ఒప్పుకుంటాయి. పొడి చల్లడం, చేతిరుమాలు లేదా రిబ్బను పట్టి చూడటం లాంటివి 4.3 నిబంధన కింద కుదరవు. గడ్డి మాత్రం నడుము ఎత్తులో వీచే గాలి సంగతే చెబుతుంది. చెట్ల పైకొమ్మలను, గ్రీన్ మీది జెండాను కూడా చూడండి. రెండూ వేర్వేరు దిశల్లో ఊగుతుంటే కిందుగా పోయే షాట్‌కు జెండా మాట ఎక్కువ విలువైనది.

కింది షాట్ నేల మీద పడ్డాక ఎక్కువ దూరం దొర్లుతుంది, నేల గట్టిగా ఉంటే మరీనూ. కాబట్టి పిన్‌కు (రంధ్రంలోని జెండాకు) గురిపెట్టకుండా గ్రీన్ ముందు భాగానికి గురిపెట్టండి. గ్రీన్ ముందు బంకరో (ఇసుక గుంటో) నీళ్లో అడ్డంగా ఉంటే ఈ షాట్ ఆడాలా వద్దా అని మళ్లీ ఆలోచించండి. అలాంటి చోట పెద్ద క్లబ్బుతో మామూలు ఎత్తులో, కాస్త నెమ్మదిగా కొట్టి గ్రీన్ మధ్యలోనో వెనకనో పడేయడమే మేలు. వెనకగాలిలో ఈ షాట్ జోలికి పోకండి, బంతి ఆగదు. అడ్డగాలిలో మాత్రం ఇది బాగా పనికొస్తుంది. గాలిలో ఉండే సమయం తగ్గితే పక్కకు కొట్టుకుపోయే దూరమూ తగ్గుతుంది.

బంతి ఎలాంటి చోట ఉందో కూడా చూడాలి. ఎదురుగా కిందికి వాలిన నేల మీద బంతి దానంతటదే కిందుగా పోతుంది, మీరు ఇంకా దించబోతే నేల మీదే దొర్లుతుంది. పైకి వాలిన నేల నుంచి ఎదురుగాలికి కొట్టాల్సి వస్తే బంతిని దించాలని పోరాడకుండా ఇంకో పెద్ద క్లబ్బు తీసుకోండి. రఫ్‌లో (పెరిగిన గడ్డిలో) ఫేస్‌కూ బంతికీ మధ్య గడ్డి చిక్కితే స్పిన్ తగ్గి బంతి అనుకోనంత దూరం పోవచ్చు. అక్కడ దూరాన్ని ఖచ్చితంగా చెప్పగలనన్న నమ్మకం ఎవరికీ ఉండకూడదు.

చెట్ల కొమ్మల కింద నుంచి తప్పించే షాట్‌ను కూడా చాలామంది ఇదే పేరుతో పిలుస్తారు. అది వేరే షాట్. కొమ్మ ఇరవై గజాల్లోనే అడ్డొస్తుంది కాబట్టి అక్కడ బయలుదేరే కోణమే సర్వస్వం, తర్వాత బంతి లేచినా ఫరవాలేదు. బంతిని బాగా వెనక్కి పెట్టడం, చేతులు ముందుకు నెట్టడం అక్కడ సబబే. మీకు సలహా ఇచ్చిన వ్యక్తి బహుశా ఆ షాట్‌ను మనసులో పెట్టుకునే చెప్పి ఉంటారు. గాలిని ఎదుర్కొనే షాట్‌లో కోణం కన్నా వేగం, స్పిన్ ముఖ్యం. ఈ తేడా పట్టుకుంటే మీకు ఇప్పటిదాకా వచ్చిన పరస్పర విరుద్ధమైన సలహాలు చాలావరకు విడివిడిగా అర్థమవుతాయి.

పరికరాల గురించి కూడా అడిగారు. క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మీరు ఇంకా అక్కడికి రాలేదు. ఈ మధ్య వచ్చే చాలా ఐరన్ల లాఫ్ట్ పాతవాటికన్నా తక్కువ. ఒకప్పుడు 7 ఐరన్ 34 నుంచి 36 డిగ్రీలు ఉండేది, ఇప్పుడు కొత్తవారి కోసం తయారయ్యేవి 28 నుంచి 30 డిగ్రీలతో కూడా వస్తున్నాయి. అవి బంతిని సులువుగా పైకి పంపేలా బరువును అడుగున పెట్టి చేసినవి కాబట్టి లాఫ్ట్ తక్కువని చూసి బంతి కిందుగా పోతుందని అనుకోకండి. మీ సెట్ లాఫ్ట్‌లు ఒకసారి కొలిపించుకుని, ఏ క్లబ్బు మధ్య ఎంత తేడా ఉందో తెలుసుకుంటే క్లబ్ ఎంపికకు పనికొస్తుంది. షాఫ్ట్ మార్పుతో వచ్చే తేడా, స్వింగ్ వేగం తగ్గిస్తే వచ్చే తేడా ముందు చిన్నది.

బంతి విషయంలో, మెత్తని యూరెథేన్ పొర ఉన్నవి ఐరన్లతో సాధారణంగా ఎక్కువ స్పిన్ తీసుకుంటాయి, గట్టి పొర ఉన్నవి తక్కువ. గాలి రోజు కోసమని బంతి మార్చేస్తే గ్రీన్ చుట్టూ చిప్ షాట్లలో (చిన్న దెబ్బల్లో) ఆ స్పిన్ దొరకదు. నేనైతే మార్చను. మార్చి చూడాలనిపిస్తే రెండు రకాలనూ ఒకే రోజు, ఒకే గాలిలో, ఒకే 6 ఐరన్ ముప్పాతిక స్వింగ్‌తో కొట్టి పోల్చండి. అరిగిపోయిన రేంజ్ బంతులతో ఆ పోలిక చేయకండి, వాటి ఎత్తు చూసి ఏ నిర్ణయానికీ రాలేరు.